త్రాగుడు మానదలచినవానికి తోడు
సహాయక బృంద సమావేశమును కనుగొనుట ఎట్లు? పంచాయతీ చేయదగినది ఏమి?

పంచాయతీ సమావేశములలో త్రాగుడు ప్రస్తావన రాని సంవత్సరము ఉండదు. ఒకనాడు బెల్టు దుకాణమును మూయించుడని స్త్రీలు వత్తురు. మరియొకనాడు త్రాగి వచ్చి ఇల్లాలిని కొట్టినవాని తగవు వచ్చును. ఇంకొకనాడు తండ్రి కూలిడబ్బు ఇంటికి చేరక బడి మానిన పిల్లవాని సంగతి వచ్చును. సభ్యులు మందలింతురు; దేవునిమీద ఒట్టు పెట్టింతురు; కొన్ని గ్రామములలో జరిమానా కూడ వేయుదురు. పది దినములు గడచిన పిమ్మట ఆ మనిషి మరల సీసా పట్టును. అప్పుడు "వాడు మారడు" అని అందరును చేతులు దులుపుకొందురు.

ఈ పాఠములో మేము విచారింపదలచినది ఆ "వాడు మారడు" అను మాటనే. మారవలెనని కోరికయుండియు మారలేక కొట్టుకొనువారు ప్రతి గ్రామములోను కలరు. అట్టివానికి మందలింపు కంటెను, ఒట్టు కంటెను ఉపకరించునది ఒకటి కలదు. అది తనవలెనే త్రాగి, తనవలెనే చెడి, పిదప మానిన మనుష్యుల సహవాసము. అట్టివారు వారమునకు ఒకటి రెండు మారులు కూడి మాటలాడుకొను సమావేశములు మన దేశములో కూడ జరుగుచున్నవి. వానిని కనుగొనుట ఎట్లు, అచ్చటికి మనిషిని పంపుట ఎట్లు, పంచాయతీ చేయదగిన పని యేది, చేయరాని పని యేది అను విషయములను వరుసగా తెలిసికొందము.

దుర్గుణమా? వ్యాధియా?

త్రాగువారందరును త్రాగుడునకు బానిసలు కారు. పండుగనాడు త్రాగి మరునాడు పనికి పోవువాడు వేరు, త్రాగనిదే ఉదయము చేతులు వణకువాడు వేరు. వైద్యులు ఈ రెండవ స్థితిని గుర్తించుటకు కొన్ని లక్షణములు చెప్పుదురు. త్రాగవలెనని అణచుకొనరాని కోరిక కలుగుట. ఒక గ్లాసుతో ఆపుదమని మొదలుపెట్టి ఆపలేకపోవుట. మునుపటి మత్తు కలుగుటకు నానాటికి ఎక్కువ త్రాగవలసివచ్చుట. మానిననాడు వణకు, చెమట, నిద్రలేమి కలుగుట. వ్యవసాయము, కుటుంబము, ఇతర వినోదములు అన్నియు వెనుకబడుట. కీడు జరుగుచున్నదని తెలిసియు మానలేకుండుట - ఇవి ఆరు. ఒక సంవత్సర కాలములో వీనిలో మూడు లేక అంతకెక్కువ ఒకేమారు కనిపించినచో, అది మద్యాధీనత అను వ్యాధి. అమెరికా వైద్య సంఘము 1956లోనే దీనిని రోగముగా పరిగణింపవలెనని ప్రకటించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగముల పట్టికలో కూడ దీనికి స్థానము కలదు.

వ్యాధి యనినంతమాత్రమున మనిషి బాధ్యత తీరిపోదు. మధుమేహ రోగి తన ఆహారమును తానే అదుపులో ఉంచుకొనవలెను గదా! ఇదియు అట్టిదే. ఐనను మధుమేహ రోగిని రచ్చబండకు పిలిచి తిట్టిన రోగము తగ్గదని మనకు తెలియును. త్రాగుడు రోగి విషయములో మాత్రము ఆ సంగతి మరచిపోవుచున్నాము.

ఈ రోగము ఎంత విస్తారముగా ఉన్నదో చూడుడు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోరికపై ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు జరిపిన సర్వే ఫలితములు 2019లో వెలువడినవి. 10 నుండి 75 సంవత్సరముల వయస్సు గలవారిలో నూటికి 14.6 మంది, అనగా సుమారు 16 కోట్లమంది, మద్యము సేవించుచున్నట్లు అందు తేలినది. 5.7 కోట్లమందికి మద్యమువలన కలిగిన చిక్కులకు సహాయము అవసరమని అంచనా వేసిరి. అన్నిటికంటె ఆలోచింపవలసిన అంకె మరియొకటి. మద్యమునకు బానిసలైనవారు 38 మందిలో ఒక్కడు మాత్రమే ఏదో ఒక చికిత్సగాని సహాయముగాని పొందినట్లు చెప్పెను. మిగిలిన 37 మంది ఎవరు? వారు మన గ్రామములలోనే, మన వీథులలోనే ఉన్నారు.

మొదట వైద్యుడు, పిదప సమావేశము

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. చాలకాలము ప్రతిదినము విస్తారముగా త్రాగినవాడు ఒక్కసారిగా ఆపుట ప్రమాదకరము. ఆపిన కొద్ది గంటలకే వణకు, చెమట, వాంతులు మొదలగును. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినము వరకు కొందరికి మతి తప్పి, లేని పురుగులను, లేని మనుష్యులను చూచి భయపడు స్థితి కలుగును. దీనిని గాలి సోకినదనియు, చేతబడి యనియు భ్రమపడి మంత్రగాని యొద్దకు తీసికొనిపోవు కుటుంబములు ఇప్పటికిని కలవు. ఇది ప్రాణము తీయగల వైద్య ప్రమాదము. వెంటనే 108 వాహనమును పిలిపించి ఆసుపత్రికి చేర్పవలెను. వైద్యులు తగిన మందులను, థయమిన్ అను విటమినును ఇచ్చి, ఈ దినములను సురక్షితముగా గడపింతురు.

కావున "ఈ క్షణమునుండి ముట్టను" అని నలుగురియెదుట ఒట్టు పెట్టించి ఇంట నిర్బంధించుట మంచిది కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వైద్యునికి చూపి, ఆయన సలహాపై జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగమునకు పంపుట సరియైన మార్గము.

రెండవ హెచ్చరిక. "త్రాగుడు మాన్పించు మందు" అని కొందరు పొడులు అమ్ముదురు. అన్నములోనో మజ్జిగలోనో తెలియకుండ కలిపి పెట్టుడని చెప్పుదురు. అట్టి పొడిలో ఏమి యున్నదో కొన్నవానికి తెలియదు. మానిపించుటకు వైద్యులు వాడు డైసల్ఫిరామ్ అను మందు రోగికి తెలిపి, అతని సమ్మతిపై ఇవ్వవలసినది. ఆ మందు కడుపులో నుండగా మద్యము త్రాగినచో ముఖము ఎఱ్ఱబారి, వాంతులై, రక్తపుపోటు పడిపోయి, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము కూడ కలుగును. తెలియక తిన్నవాడు తెలియక త్రాగును. భర్తను బాగు చేసికొనవలెనని పొడి కలిపిన ఇల్లాలే అతని చావునకు కారణమగు ప్రమాదము కలదు. ఈ సంగతి స్వయం సహాయక సంఘముల స్త్రీలకు తప్పక తెలుపవలెను.

ఆసుపత్రి శరీరమునుండి మద్యమును తొలగించును. అది పది పదునైదు దినముల పని. కాని ఇంటికి తిరిగి వచ్చిన మనిషి అదే వీథిలో నడువవలెను. అదే స్నేహితులను చూడవలెను. అవే అప్పులను, అదే ఇంటి పోరును ఎదుర్కొనవలెను. ఆ తరువాతి నెలలలోనే సహాయక బృందమునకు పని కలుగును.

ఈ సమావేశములు పుట్టిన విధము

1935 మే నెలలో న్యూయార్కు నగరమునకు చెందిన బిల్ విల్సన్ అను స్టాకు వ్యాపారి పనిమీద అమెరికాలోని ఏక్రన్ అను పట్టణమునకు వచ్చెను. అతడు పెద్ద త్రాగుబోతు. మానివేసి కొన్ని నెలలు మాత్రమే అయ్యెను. వచ్చిన పని చెడిపోయెను. ఊరుగాని ఊరు. బస చేసిన హోటలులోని పానశాలనుండి నవ్వులు, మాటలు వినవచ్చుచుండెను. మరల త్రాగుదునేమో యను భయము అతనికి పుట్టెను. అప్పుడు తనవంటి మరియొక త్రాగుబోతుతో మాటలాడినచో తాను నిలుతునని అతనికి తోచెను. అచ్చటనున్న టెలిఫోను వద్దకు పోయి, చర్చిల పట్టిక చూచి ఒక మతగురువునకు ఫోను చేసి, ఈ ఊరిలో త్రాగుడుతో బాధపడువాడెవడైన ఉన్నచో చెప్పుడని అడిగెను. ఆ విచారణవలన కొందరి ద్వారా అతనికి రాబర్టు స్మిత్ అను శస్త్రవైద్యునితో పరిచయము కలిగెను. ఆ వైద్యుడు పావుగంట మాత్రమే కూర్చుందునని ఒప్పుకొని వచ్చి, ఆరు గంటలకు పైగా మాటలాడెను. అదే సంవత్సరము జూన్ 10వ తేది ఆ వైద్యుడు త్రాగిన కడపటి దినమని చెప్పుదురు. ఆ తేదినే ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసము పుట్టిన దినముగా పరిగణించుచున్నారు. "పేరు బయటపెట్టని త్రాగుడు రోగులు" అని ఆ మాటకు తాత్పర్యము. సంక్షేపముగా "ఏ.ఏ." అందురు.

ఈ చరిత్రలో పంచాయతీ సభ్యులు గమనింపదగిన అంశమొకటి కలదు. ఆ సహవాసము ఉపన్యాసముతో పుట్టలేదు. ప్రభుత్వపు ఉత్తరువుతోను పుట్టలేదు. ఒక రోగి మరియొక రోగిని వెదకుటతో పుట్టినది. నడుమ నిలిచినవారు త్రాగుబోతులు కారు. ఫోను ఎత్తి, విసుగుకొనక, "ఫలానావారిని అడుగుడు" అని దారి చూపిన సామాన్యులు. ఆ మధ్యవర్తి పనియే నేడు పంచాయతీ సభ్యుడు చేయదగినది.

1939లో ఈ సహవాసమువారి పుస్తకము వెలువడినది. బాగుపడుటకు తాము అనుసరించిన 12 మెట్లను అందు వ్రాసిరి. నేడు సుమారు 180 దేశములలో ఈ బృందములు కలవు. మన దేశములో 1957 ప్రాంతమున ప్రారంభమై, క్రమముగా పెద్ద నగరములకును, కొన్ని చిన్న పట్టణములకును వ్యాపించినవి.

సమావేశములో ఏమి జరుగును?

పది పదునైదు మంది ఒక గదిలో కూర్చుందురు. అది బడి గది కావచ్చును, చర్చి ఆవరణ కావచ్చును, ఆసుపత్రి గది కావచ్చును. సుమారు గంట లేక గంటన్నర జరుగును. ఒకరు నడుపుదురు; ఆయన అధికారి కాడు, వైద్యుడు కాడు, తానును ఒక రోగియే. వచ్చినవారు ఒక్కొక్కరు తమ పేరు మాత్రము చెప్పి, తాము ఎట్లుండిరో, ఏమి జరిగినదో, ఇప్పుడు ఎట్లున్నారో చెప్పుకొందురు. ఒకరు చెప్పుచుండగా మరియొకరు అడ్డుపడరు, తప్పు పట్టరు, సలహాల వర్షము కురిపింపరు. ఇష్టము లేనివాడు ఏమియు పలుకక కూర్చుండవచ్చును.

జీవితాంతము మానుదునని ఒట్టు పెట్టుకొనుమని అచ్చట అడుగరు. "ఈ ఒక్క దినము త్రాగకుండ ఉందును" అనునదే వారి పద్ధతి. మరునాడు మరల అదే మాట. జీవితమంతయు అను మాట కొండవలె భయపెట్టును. ఒక్క దినము ఎవడైనను మోయగలడు.

చేరుటకు రుసుము లేదు. త్రాగుడు మానవలెనను కోరిక ఒక్కటియే అర్హత. కులము, మతము, ఉద్యోగము, పార్టీ అడుగరు. వారి మెట్లలో దైవ ప్రస్తావన కలదు గాని, ఎవరికి తోచిన రీతిగా వారు దైవమును భావింపవచ్చునని చెప్పుదురు. ఏ మతముతోను ఆ సంస్థకు సంబంధము లేదు. ఖర్చులకు సభ్యులే తమకు తోచినది వేసికొందురు. బయటివారి విరాళములను స్వీకరింపరు.

సమావేశములు రెండు విధములు. త్రాగుడు సమస్య గలవారు మాత్రమే కూర్చుండునవి కొన్ని. బంధువులు, వైద్యులు, తెలిసికొనగోరు ఇతరులు కూడ రాదగినవి కొన్ని. మొదటి దానిని "క్లోజ్డు", రెండవ దానిని "ఓపెన్" అని వారు వ్యవహరింతురు. పంచాయతీ సభ్యుడు స్వయముగా చూడదలచినచో రెండవ విధమైన సమావేశమునకే పోవలెను. చూచినవాడు చెప్పు మాటకు బలము ఎక్కువ గనుక, ఒక్కసారి పోయి వచ్చుట మంచిది.

దీనివలన నిజముగా ఫలము కలదా యని సందేహము కలుగుట సహజము. కొక్రేన్ అను అంతర్జాతీయ వైద్య పరిశీలన సంస్థ 2020లో 27 అధ్యయనములను, అందలి పదివేలకు పైగా రోగుల సమాచారమును పరిశీలించి ఒక నివేదిక ప్రకటించెను. రోగులను క్రమపద్ధతిగా ఈ సమావేశములకు చేర్చు చికిత్స, పేరుపొందిన ఇతర మానసిక చికిత్సల కంటె పూర్తిగా మానియుండుటలో ఎక్కువ ఫలము నిచ్చినదని అందు తేలెను. ఆ అధ్యయనములలో అధిక భాగము పాశ్చాత్య దేశములవి. ఐనను ఖర్చు లేని పద్ధతి యొకటి ఇంత ఫలించుట మనకును ఆలోచింపదగిన విషయమే.

కనుగొను మార్గములు

1. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖవారి వ్యసన విముక్తి సహాయ కేంద్రమునకు 14446 సంఖ్యకు ఫోను చేయవచ్చును. దీనికి రుసుము లేదు. దగ్గరనున్న చికిత్సా కేంద్రముల వివరములు అడిగి తెలిసికొనవలెను.

2. మానసిక ఆరోగ్య సలహా కొరకు "టెలి మానస్" అను సేవ 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది. దాని సంఖ్య 14416. తెలుగులో మాటలాడవచ్చును. రోగి మాత్రమే గాక భార్యయు, తల్లియు కూడ సలహా అడుగవచ్చును.

3. జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుని, లేక కేంద్ర ప్రభుత్వ సహాయముతో స్వచ్ఛంద సంస్థలు నడుపు వ్యసన విముక్తి పునరావాస కేంద్రములవారిని అడుగవలెను. చికిత్స పొంది వెళ్ళినవారిని ఏ బృందమునకు పంపుదురో వారికి తెలియును. కొన్ని కేంద్రములలోనే బృంద సమావేశములు జరుగును.

4. ఆల్కహాలిక్స్ అనానిమస్ వారి భారతదేశ కార్యాలయము ముంబయిలో కలదు. వారి ఇంటర్నెట్టు పుటలో సమావేశముల వివరములు, ఫోను సంఖ్యలు దొరకును. గ్రామములో చదువుకొన్న యువకుడెవడైనను సెల్‌ఫోనులో వెదకి పెట్టగలడు. హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడ వంటి నగరములలో బృందములు కలవు. దూరమున నున్నవారి కొరకు ఫోను ద్వారా కూడుకొను సమావేశములును కలవు.

వివరము దొరకినంతమాత్రమున పని ముగియలేదు. సమావేశముల చోటు, వేళ మారుచుండును. కావున బయలుదేరుటకు ముందు ఫోను చేసి అయిదు సంగతులు అడుగవలెను: ఏ వారము, ఏ వేళకు? చోటు ఎచ్చట, బస్సు దిగి ఎట్లు రావలెను? తెలుగులో జరుగునా? కొత్తవారు రాదగినదేనా? బస్సు స్టాండులో ఎవరైన కలిసి తీసికొనిపోగలరా? కడపటి ప్రశ్న చిన్నదిగా కనిపించును గాని, అన్నిటికంటె ముఖ్యమైనది. తెలియని ఊరిలో తెలియని గది ముందు నిలిచి, సిగ్గుపడి వెనుదిరిగి, బస్సు స్టాండు ప్రక్కనున్న మద్యపు దుకాణములో దూరువారు కలరు. బస్సు దిగగానే ఒకడు వచ్చి చేయి పట్టుకొన్నచో ఆ ప్రమాదము తప్పును.

ఒక ఉదాహరణము ఊహించుకొందము. మీ గ్రామములో ఒక కౌలు రైతు నెల దినములు ఆసుపత్రిలో ఉండి వచ్చినాడు. పట్టణములో ఆదివారము సాయంకాలము సమావేశము. రానుపోను బస్సు కూలి, ఒక పూట పని నష్టము. కడపటి బస్సు ఎనిమిది గంటలకు. సమావేశము ఏడున్నరకు ముగియును. ఈ లెక్కలన్నియు ముందే చూడనిచో అతడు రెండవ వారము పోడు. పోకపోయినచో "వాడు మారడు" అని మరల మనమే అందుము. నిజమునకు అతనిని ఆపినది దుర్బుద్ధి కాదు, బస్సు వేళ. పట్టణ బృందమువారితో మాటలాడి, దూరమువానికి వేళ సర్దుబాటు కలదా, మధ్య వారములలో ఫోనులో మాటలాడు తోడు దొరకునా యని కనుగొనుట సభ్యుడు చేయగల పని.

కుటుంబము సంగతి

బిల్ విల్సన్ భార్య లోయిస్, త్రాగుడు రోగుల బంధువుల కొరకు 1951లో "అల్-అనాన్" అను వేరొక సహవాసమును స్థాపించుటకు ముఖ్యులలో ఒకరు. 1957లో ఆ ఇండ్లలోని యౌవనస్థుల కొరకు "అలటీన్" ఏర్పడెను. మన దేశములోను అల్-అనాన్ బృందములు కలవు. మానవలసినవాడు రాకపోయినను ఇల్లాలు పోవచ్చును. అతని సీసాలను లెక్కపెట్టుట, దాచుట, అతని అప్పులు తీర్చుట, అబద్ధములు చెప్పి అతనిని కాపాడుట - ఈ భారములోనే ఆమె జీవితము గడచిపోవుచుండును. తన తప్పు వలన భర్త త్రాగుట లేదని ఆమెకు ఎవరైన చెప్పవలెను. ఐతే భర్త కొట్టుచున్నచో సమావేశమునకు పొమ్మని మాత్రము చెప్పి ఊరకుండరాదు. రోగము దెబ్బలకు సమర్థన కాదు. ఆమెకు, పిల్లలకు చట్టరీత్యా రక్షణ కల్పించుట వేరుగా జరుగవలెను.

త్రాగుడు రోగులలో స్త్రీలును కలరు. వారికి సిగ్గు, అపవాదు రెండింతలు. వారి విషయములో ఆశా కార్యకర్త వంటి స్త్రీ ద్వారానే మాట కదుపుట ఉచితము.

పంచాయతీ చేయరానివి

రాజ్యాంగములోని 47వ అధికరణము మత్తు పానీయముల నిషేధమునకు రాజ్యము యత్నింపవలెనని చెప్పుచున్నది. 73వ సవరణతో వచ్చిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, సాంఘిక సంక్షేమము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా చేరినవి. కావున ఇది మన పనియే. ఐనను ఈ పనికి మనము అలవాటుపడిన పద్ధతులు కొన్ని విరుద్ధములు.

మనము మంచి పని దేనినైనను సభతో, పూలమాలలతో, ఛాయాచిత్రములతో ప్రారంభింతుము. త్రాగుడు మానినవానిని వేదిక ఎక్కించి శాలువ కప్పుటయు సదుద్దేశముతోనే జరుగును. కాని అతడు మరునెల జారిపడినచో ఆ శాలువయే ఉరిత్రాడగును. ఊరందరియెదుట మానినవాడు ఊరందరియెదుట ఓడినవాడగును. మరల సమావేశమునకు పోవుటకు ముఖము చెల్లదు. కావుననే ఈ బృందములు పేరు బయటపెట్టకుండుటను ప్రాణముగా చూచుకొనుచున్నవి.

పేర్ల పట్టిక వ్రాయరాదు. నోటీసు బోర్డుపై ఉంచరాదు. ఎవరెవరు వచ్చిరని బృందమును అడుగరాదు. పింఛనునకుగాని, ఇంటి స్థలమునకుగాని, ఉపాధి పనికిగాని సమావేశ హాజరును షరతుగా పెట్టరాదు. ఎన్నికలలో ఆ మాట ఎత్తరాదు. గుండు గీయించుట, చెట్టునకు కట్టుట, జరిమానా వేయుట అసలే కూడదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము పరిధిలోనికి మద్యపాన దుర్వినియోగముతో కూడిన మానసిక స్థితులు కూడ వచ్చును. ఆ చట్టము క్రమముగా రోగికి చికిత్స పొందు హక్కు, తన వివరములు గోప్యముగా నుండు హక్కు కలవు. గొలుసులతో బంధించుట నిషిద్ధము. డబ్బు తీసికొని గదిలో వేసి కొట్టు "మాన్పించు కేంద్రములు" కొన్ని బయలుదేరినవి. ఏ కేంద్రమునకైనను పంపుటకు ముందు దానికి రిజిస్ట్రేషను కలదా, వైద్యుడు వచ్చునా, కుటుంబమువారు చూడవచ్చునా యని విచారింపవలెను.

పంచాయతీ చేయదగినవి

సహాయ సంఖ్యలను, సమావేశముల వివరములను పాఠశాల, ఆరోగ్య ఉపకేంద్రము, పాల కేంద్రము, చౌకధరల దుకాణము వద్ద వ్రాయించవచ్చును. ఎవరి పేరును లేకుండ సమాచారము మాత్రము ఉన్నచో, అవసరమైనవాడు నిలువకయే చదివి పోవును.

నోరు గట్టిగానున్న సభ్యుని ఒకరిని ఈ పనికి నియమించుకొనవలెను. ఆయనయొద్ద చెప్పిన మాట భార్యకు కూడ చేరదని ఊరికి నమ్మకము కలుగవలెను. మనిషితో మాటలాడుటకు అతడు త్రాగియున్న సాయంకాలము పనికిరాదు. మరునాటి ఉదయము, ఒంటరిగా, "నీవు చెడ్డవాడవు" అనక, "నీ చేయి వణకుచున్నదేమి? డాక్టరుకు చూపుదమా?" అని మొదలుపెట్టవలెను.

మూడు నాలుగు గ్రామములవారు కోరినచో దగ్గరలోనే బృందము ఏర్పడవచ్చును. బృందమును స్థాపించువారు రోగులే, పంచాయతీ కాదు. పంచాయతీ ఒక గది ఇయ్యవచ్చును. బయటివారి ధనము తీసికొనరాదను నియమము వారికి కలదు గనుక, చిన్న మొత్తము అద్దె ఇత్తుమన్నచో వలదనక తీసికొనవలెను. గది తాళము ఇచ్చి, ఆ గంటసేపు ఆ ప్రక్కకు పోకుండుటయే మన సహాయము.

పొరుగు అనుభవములు

మద్రాసులో 1980లో శాంతి రంగనాథన్ గారు స్థాపించిన టి.టి. రంగనాథన్ సంస్థ, రోగులు పట్టణమునకు రాలేకున్నచో చికిత్సయే గ్రామమునకు పోవలెనని తలచి, 1989 మొదలు కావేరి సీమలోని మంజక్కుడి గ్రామములో శిబిరములు నడిపెను. వైద్యులు, సలహాదారులు గ్రామముననే దినములతరబడి ఉండి చికిత్స చేసి, పిదప రోగులను విడువక కనిపెట్టుచుండిరి. కర్ణాటకలో ధర్మస్థల గ్రామాభివృద్ధి సంస్థవారు గ్రామములలో మద్యవర్జన శిబిరములు జరిపి, మానినవారిని "నవజీవన సమితులు"గా కూర్చుచున్నారు. పద్ధతులు వేరైనను రెండింటను ఒక సూత్రము కలదు: మానిపించుటతో ఆగక, మానినవారిని కలిపి ఉంచుట.

మన అనుభవము కూడ తక్కువది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు 1990 దశకపు ఆరంభమున లేపిన సారా వ్యతిరేకోద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1న సారా నిషేధమునకు, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధమునకు దారి తీసెను. 1997లో నిషేధము సడలినది. దుకాణము మూయించు పోరాటము గొప్పది, అవసరమైనది. కాని దుకాణము మూసిననాడు ఇంటిలో వణకుచు కూర్చున్న మనిషికి ఏమి చేయవలెనను ప్రశ్న, దుకాణము తెరచిననాడు అతడెట్లు నిలువవలెనను ప్రశ్న మిగిలియుండును. ఆ రెండు ప్రశ్నలకు సమాధానము ఈ చిన్న గదులలో దొరకును.

జారిపడినవాని సంగతి

ఈ సమావేశములు సర్వరోగ నివారిణి కావు. కొందరికి అవి రుచింపవు. అట్టివారికి మానసిక వైద్యుల సలహా, త్రాగవలెనను కోరికను తగ్గించు మందులు కలవు. రెండును కలిపి నడుపుకొనువారును కలరు. ఒకచోట కుదరనిచో మరియొక బృందమును చూడవలెను గాని, ఒక్క సమావేశముతో తీర్పు చెప్పరాదు.

మానినవారిలో పలువురు ఒకటి రెండు మారులు మరల త్రాగుదురు. ఇది ఈ రోగ స్వభావము. అప్పుడు చేయవలసినది ఒక్కటే: మరల వైద్యుని యొద్దకు, మరల సమావేశమునకు పంపుట. ఎనిమిది నెలలు మాని ఒకనాడు త్రాగినవాని ఎనిమిది నెలలు వ్యర్థము కాలేదు. ఆ ఎనిమిది నెలలు పిల్లలు అన్నము తిన్నారు, ఇంట దెబ్బలు లేవు. బృందములో అతనిని "మరల వచ్చితివా" అని ఎగతాళి చేయరు. "వచ్చితివి, మంచిది" అని కుర్చీ చూపుదురు. ఊరు కూడ ఆ మాట నేర్చుకొన్ననాడు, సర్వేలో లెక్కకు వచ్చిన ఆ 38వ మనిషికి రెండవవాడు తోడగును.

పంచాయతీ సమావేశములో చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామమునకు దగ్గరనున్న మానసిక వైద్యుడు ఎచ్చట కలడు? ఏ దినములలో చూచును?

2. దగ్గరనున్న బృంద సమావేశము ఎచ్చట, ఏ వేళకు జరుగును? అచ్చటినుండి కడపటి బస్సు ఎప్పుడు?

3. ఈ విషయములో రహస్యము కాపాడగలరని గ్రామస్థులు నమ్మదగిన సభ్యులు, ఆశా కార్యకర్తలు మనలో ఎవరు?

4. గత సంవత్సరము త్రాగుడు విషయమై మనము తీర్చిన తగవులలో, వైద్యుని యొద్దకు పంపినవి ఎన్ని? జరిమానాతో ముగించినవి ఎన్ని? వాని ఫలితము ఏమి?